22 మంది విలన్ల ఊరు

(ఒక శాఖా గ్రంథాలయంలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. మైకు వినిపిస్తోందా? వెనకాల వాళ్ళకి? సరే.

అధ్యక్షులవారు నా గురించి చెబుతూ "చరిత్రకారుడు" అన్నారు. కాదండీ. సర్వే డిపార్ట్‌మెంటులో గొలుసు లాగి, హద్దురాళ్ళు పాతించి, అన్నదమ్ముల మధ్య నిలబడి తిట్లు తిని రిటైరైనవాణ్ణి. మా అమ్మాయి ఇంగ్లండులో నాటింగ్‌హామ్‌లో ఉంటుంది. ఏడాదికోసారి వెళ్తాం. అక్కడికెళ్ళినవాళ్ళంతా లండన్ చూస్తారు, బ్రిడ్జి చూస్తారు, కోహినూర్ చూసి నిట్టూరుస్తారు. నాకు మాత్రం మా అల్లుడు ఒక ఊరు చూపించాడు. "మావయ్యా, మీ డిపార్ట్‌మెంటు ఊరు ఒకటుంది, వస్తారా?" అన్నాడు. ఆ ఊరి పేరు లాక్స్‌టన్. ఇవాళ దాని గురించే చెప్పాలని వచ్చాను.

ఎంత ఊరనుకుంటున్నారు? మన లెక్కలో శివారు గ్రామం. ఒక చర్చి, ఒక పబ్బు, రోడ్డుకి అటూ ఇటూ ఎర్ర ఇటుక ఇళ్ళు, పైన ఎర్ర పెంకులు. జనాభా కొన్ని వందలు. కారులో పోతూ ఫోన్ చూసుకుంటే ఊరు దాటిపోతుంది. కోట ఉంది అన్నాడు మా అల్లుడు. తీరా వెళ్తే గడ్డి మొలిచిన పెద్ద మట్టిదిబ్బ, మీద గొర్రెలు. మా ఆవిడ నా మొహం చూసింది, "దీనికా ఇంత దూరం తీసుకొచ్చారు" అన్నట్టు. (నవ్వులు)

ఆ దిబ్బ దగ్గరికి మళ్ళీ వస్తాను. ముందు ఒక మాట అడుగుతాను. ఎకరానికి ఎన్ని గజాలు?

(సభ నుంచి: 4840)

చూశారా! రియల్ ఎస్టేటు పుణ్యమా అని చిన్నపిల్లాడిని నిద్రలేపి అడిగినా చెబుతాడు. సరే, 4840 ఎందుకు? గుండుగా 5000 పెట్టుకోవచ్చుగా? ముప్ఫై ఏళ్ళు ఆ అంకెతో అన్నం తిన్నాను, ఈ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. లాక్స్‌టన్ పొలంలో నిలబడితే వచ్చింది. జవాబు కూడా ఆ పొలంలోనే ఉంది.

220ని 22తో గుణించండి. 4840. ఎద్దులు ఆగకుండా ఒక్క ఊపులో నాగలి లాగే దూరం 220 గజాలు. ఇంగ్లీషులో చాలు పొడవు అని అర్థం వచ్చేలా దాన్ని 'ఫర్లాంగు' అన్నారు. మన పెద్దవాళ్ళు "ఫర్లాంగు దూరం నడిస్తే చెరువొస్తుంది" అనేవాళ్ళే, ఆ ఫర్లాంగే. ఆ పొడవున 22 గజాల వెడల్పు పట్టీని అరక ఒక రోజులో దున్నుతుందని లెక్క. ఆ ఒక్క రోజు దుక్కి పేరు 'ఏకర్'. మన నోట్లో ఎకరం అయింది. అంటే ఎకరం అనేది మొదట్లో కొలత కాదు, ఒక రోజు పని. పొద్దున కాడి కట్టి మళ్ళీ విప్పేలోగా అయ్యే పని.

ఆ 22 గజాలు ఇంకెక్కడైనా విన్నారా? క్రికెట్ పిచ్! వికెట్టుకీ వికెట్టుకీ మధ్య 22 గజాలు. 1620లో ఎడ్మండ్ గుంటర్ అనే గణిత పండితుడు సర్వే కోసం 66 అడుగుల గొలుసు తయారుచేశాడు, దానికి 100 లింకులు. 66 అడుగులంటే అదే 22 గజాలు. పాతకాలపు దుక్కి పట్టీ వెడల్పుకి ఆయన గొలుసు సరిపోయేట్టు చేశాడు. ఆ గొలుసే కంపెనీవాళ్ళతో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. పాత ఎఫ్.ఎం.బి. పటాలు, అంటే పొలాల కొలతల పుస్తకాలు, తీసి చూడండి, కొలతలన్నీ లింకుల్లోనే ఉంటాయి. ఎకరంలో నూరోవంతు మన సెంటు, 48.4 గజాలు. తెలంగాణ సోదరుల గుంట ఉంది చూశారూ, 33 అడుగులకి 33 అడుగులు, 121 గజాలు. 33 అడుగులంటే గుంటర్ గొలుసులో సరిగ్గా సగం. నలభై గుంటలు వేస్తే మళ్ళీ 4840.

మనం ఇక్కడ సెంటు జాగా కోసం కోర్టు మెట్లెక్కుతున్నాం. ఆ సెంటు పుట్టింది లాక్స్‌టన్ లాంటి పొలాల్లో, ఎప్పుడో చచ్చిపోయిన ఎద్దుల నడకలో. అందుకని ఆ ఊరు నాకు పరాయి ఊరు అనిపించలేదు.

ఇక ఊరి సంగతి. 1066లో నార్మండీ నుంచి విలియం వచ్చి ఇంగ్లండును గెలిచాడు. గెలిచిన ఇరవై ఏళ్ళకి, 1086లో, తన దేశంలో ఎవరి దగ్గర ఎంత ఉందో లెక్క రాయించాడు. దాన్ని డూమ్స్‌డే పుస్తకం అంటారు. మన భాషలో చెప్పాలంటే జమాబందీ. ప్రతి ఊరికీ ముఖ్యంగా మూడు ప్రశ్నలు: ఇదివరకు ఎవరిది, ఇప్పుడు ఎవరిది, ఎంత చేస్తుంది? అందులో లాక్స్‌టన్ పద్దు నాలుగైదు వాక్యాలే. నేను సర్వేవాణ్ణి కాబట్టి దాన్ని మీకంటే ఎక్కువ ఆనందంగా చదివాను, మన్నించాలి.

అందులో ఏముందంటే: ఈ ఊరు ఇదివరకు టోకి అనే ఆయనది. పేరు చూస్తేనే తెలుస్తుంది, డేన్స్ సంతతి, అంటే డెన్మార్క్ వైపు నుంచి వచ్చినవాళ్ళ వంశం. ఇప్పుడు జెఫ్రీ ఆల్సెలిన్ అనే నార్మన్‌ది, ఆయన మనిషి వాల్టర్ చూసుకుంటున్నాడు. ఆరు అరకల భూమి. దొర సొంత అరక ఒకటి. 22 మంది విలన్లు...

(నవ్వులు)

నవ్వకండి, అలాగే ఉంది. 22 మంది విలన్లు, ఏడుగురు బోర్డార్లు, అంటే చిన్న చెక్క ఉన్న రైతులు, వాళ్ళందరికీ కలిపి అయిదు అరకలు. అయిదుగురు బానిసలు, ఒక బానిస స్త్రీ. 40 ఎకరాల పచ్చికబయలు. పందులు మేసే అడవి. విలియం రాకముందు, ఎడ్వర్డు రాజు కాలంలో ఊరి విలువ 9 పౌన్లు, ఇప్పుడు 6.

ముందు ఈ విలన్ల సంగతి తేల్చాలి. లాటిన్‌లో విల్లా అంటే దొరగారి పొలం, వ్యవసాయ క్షేత్రం. అక్కడ ఉండేవాడు విలన్. అంటే రైతు, అంతే! దొర పొలంలో వారానికి ఇన్నాళ్ళని వెట్టి చెయ్యాలి, దొర సెలవిస్తేనే ఊరు దాటాలి, కూతురి పెళ్ళికి కూడా దొరకి రుసుం కట్టాలి. అలాంటి మనిషి. మరి ఆ మాట మన సినిమాల్లో గడ్డం పెంచుకుని హీరోయిన్ని ఎత్తుకెళ్ళేవాడి పేరు ఎలా అయింది? మాటలు రాసేవాళ్ళు కోటల్లో కూర్చుని రాశారు కాబట్టి. వాళ్ళ కళ్ళకి మట్టి కాళ్ళవాడు మోటువాడు, మోటువాడు నీతిలేనివాడు, నీతిలేనివాడు దుర్మార్గుడు. మెట్టు తర్వాత మెట్టు దిగింది ఆ మాట. మన దగ్గర 'పల్లెటూరి బైతు' అంటే ఎవరి నోట పుట్టి ఉంటుందో ఆలోచించండి.

9 పౌన్లు 6 ఎందుకైంది అని పుస్తకం చెప్పదు. కొత్త దొరలు ఎలా దిగారో ఊహించుకోవడమే. ఉత్తరాన తిరుగుబాట్లని విలియం ఎలా అణిచాడో తెలిసినవాళ్ళకి పెద్ద ఆశ్చర్యం ఉండదు.

ఆ గొర్రెలు మేసే దిబ్బ ఈ కొత్త దొరల పనే. మట్టి ఎత్తుగా పోయించి దానిమీద కర్ర బురుజు, చుట్టూ కందకం, పక్కన ప్రాకారం. నార్మన్లు వచ్చిన కొత్తలో దేశమంతా ఇలాంటివి లేపారు. రాతి కోట కట్టే తీరికెక్కడిది, ముందు ఊరు భయపడాలి. ఆ మట్టి ఎవరు మోసి ఉంటారు? పైన చెప్పిన 22 మందీ, వాళ్ళ పిల్లలూ. నాటింగ్‌హామ్‌షైర్‌లో ఇలాంటి కోటదిబ్బల్లో ఇది పెద్దపేరున్నది. షెర్‌వుడ్ అడవి కాపలా బాధ్యత ఈ కోట దొరల చేతిలో ఉండేది, మొదట డి కాక్స్ కుటుంబం, పెళ్ళి సంబంధంతో తర్వాత ఎవరింగ్‌హామ్ కుటుంబం. షెర్‌వుడ్ అంటే రాబిన్‌హుడ్ అడవే. అక్కడ జింకని చంపితే రాజుగారి జింకని చంపినట్టు. 13వ శతాబ్దంలోనే ఆ కాపలా పదవి పోయింది, తర్వాత మెల్లగా కోటా పోయింది. ఎవరింగ్‌హామ్‌లు ఇప్పుడు చర్చిలో రాతి బొమ్మలై పడుకుని ఉన్నారు. వాళ్ళలో ఒకావిడ బొమ్మ మాత్రం రాయి కాదు, ఓక్ కర్ర. ఏడువందల ఏళ్ళ నాటి కర్ర మనిషి. చేత్తో ముట్టుకోబోతే మా ఆవిడ చెయ్యి లాగేసింది. ఆ ఊళ్ళో ఆవిడకి నచ్చింది ఆ ఒక్క బొమ్మే.

మధ్యలో ఇంకో ముచ్చట. ఈ ఊరిని పాతరోజుల్లో లెక్సింటన్ అనేవారు. ఆ ఇంటిపేరుతో 13వ శతాబ్దంలో ఒక అన్నదమ్ముల గుంపు పైకొచ్చింది. రాబర్ట్ రాజుగారి జడ్జి అయ్యాడు. హెన్రీ 1253లో లింకన్ బిషప్ అయ్యాడు. అమెరికాలో మసాచుసెట్స్‌లో లెక్సింగ్టన్ ఉంది కదా, మనవాళ్ళు కూడా చాలామంది ఉంటారక్కడ. ఆ పేరు ఈ ఊరి నుంచే వెళ్ళిందని కొందరూ, లెక్సింటన్ ప్రభువు పేరు మీద పెట్టారని కొందరూ అంటారు. ఎలా చూసినా మూలం ఈ మట్టే.

కోట చెప్పాను, చర్చి చెప్పాను. ఇవి ఇంగ్లండులో ఏ ఊరికెళ్ళినా ఉంటాయి. లాక్స్‌టన్‌లో ఉండి మిగతా ఊళ్ళలో దాదాపు కనిపించనిది పొలం.

ఆ కాలపు పొలం ఎలా ఉండేదంటే, ఊరి చుట్టూ మూడు నాలుగు మహా క్షేత్రాలు. కంచె లేదు, గట్టు లేదు. ఒక్కో క్షేత్రం కొన్ని వందల ఎకరాలు. దాన్ని సన్నటి పొడుగాటి పట్టీలుగా విడగొట్టారు. ఒక రైతుకి పది ఎకరాలుంటే అవి ఒక్కచోట ఉండవు. ఈ క్షేత్రంలో నాలుగు పట్టీలు, ఆ క్షేత్రంలో మూడు, అక్కడెక్కడో వాగు పక్కన రెండు. ఎందుకలా అంటే మీకు చెప్పక్కర్లేదు. మన పంపకాల్లో ముగ్గురన్నదమ్ములుంటే మాగాణిలో మూడు ముక్కలు, మెట్టలో మూడు ముక్కలు, రాళ్ళ చేనులో కూడా మూడు ముక్కలు చెయ్యమంటారు. మంచిదంతా ఒకడికీ, చెడ్డదంతా ఒకడికీ పోకూడదు. వాళ్ళూ అదే లెక్క.

మూడు క్షేత్రాలకీ మూడేళ్ళ వంతు. ఈ ఏడు ఒక దాంట్లో చలికాలపు గోధుమ, అక్టోబరు ప్రాంతంలో విత్తుతారు. రెండో దాంట్లో వసంతంలో వేసే పంట, బార్లీ, చిక్కుడు, బఠాణీ. మూడోది బీడు. పై ఏడు వంతు మారుతుంది. నీ పట్టీ ఏ క్షేత్రంలో ఉంటే ఆ పంటే వెయ్యాలి, "నా భూమి నా ఇష్టం" కుదరదు. కోత అయ్యాక మోళ్ళ మీదికి అందరి పశువులూ దిగుతాయి. నువ్వొక్కడివీ ఆలస్యంగా విత్తావంటే నీ పంటే మేసేస్తాయి. అంటే ఊరంతా ఒక క్యాలెండరు మీద బతకాలి.

నాగలి గురించి కూడా ఒక్క మాట. మన కర్ర నాగలి నేలని చీలుస్తుంది, అంతే. వాళ్ళ బరువు నాగలి చీల్చి, పక్కనున్న చెక్కతో పెళ్ళని తిరగేస్తుంది. నల్లబంక నేల, చలి, వాన. దానికి ఎనిమిది ఎద్దుల అరక లెక్క. ఎనిమిది ఎద్దుల్ని పట్టీ చివర మళ్ళించడం మాటలా? అందుకని చివరికి రాకముందే మెల్లగా పక్కకి తిప్పడం మొదలుపెట్టేవాళ్ళు. తరాల తరబడి అలా దున్నితే పట్టీ తిన్నగా ఉండదు, అద్దంలో చూసిన ఎస్ అక్షరంలా వంపు తిరుగుతుంది. మధ్య ఇంగ్లండులో ఇప్పటికీ గడ్డి మైదానాల్లో ఎండ ఏటవాలుగా పడితే ఆ వంపులు కనిపిస్తాయి. మొదటిసారి చూసినప్పుడు నేను కారు ఆపించాను. మా ఆవిడ ఏమందో ఇక్కడ చెప్పను. (నవ్వులు)

మరి ఇంగ్లండంతా ఉండే ఈ పొలాలు ఏమయ్యాయి? రెండు రకాలుగా పోయాయి. 1348లో మహమ్మారి వచ్చింది, బ్లాక్ డెత్. జనాభాలో మూడోవంతుకు పైగా పోయారంటారు. మిగిలిన రైతుకి ధర వచ్చింది, వెట్టి సడలింది. పనివాళ్ళు దొరక్క, గొర్రెల బొచ్చుకి గిరాకీ పెరిగి, చాలా ఊళ్ళని తర్వాతి నూటయాభై ఏళ్ళలో దొరలు గొర్రెల బయళ్ళు చేసేశారు. యార్క్‌షైర్‌లో వారమ్ పెర్సీ అనే ఊరుంది, కప్పు లేని చర్చి ఒక్కటి మిగిలింది. ఏదో ఒక కారణంతో ఖాళీ అయిన మధ్యయుగపు ఊళ్ళు ఇంగ్లండులో మూడువేల పైచిలుకు గుర్తించారు.

రెండోది కంచె. దొరలూ, పెద్ద రైతులూ పార్లమెంటుకి వెళ్ళి చట్టం తెచ్చుకునేవారు. ముక్కముక్కలుగా ఉన్న పట్టీలన్నీ కలిపి, ఎవరి వాటా వాళ్ళకి ఒక్కచోట ఇచ్చి, చుట్టూ ముళ్ళకంచె. 1604 నుంచి 1914 దాకా ఇలాంటి చట్టాలు 5200కి పైగా వచ్చాయి, 68 లక్షల ఎకరాలు. ఇంగ్లండు మొత్తంలో అయిదోవంతు కంటే కాస్త ఎక్కువ. దిగుబడి పెరిగింది, కాదనను. కానీ ఆవుని ఊరుమ్మడి బయల్లో మేపుకునేవాడు, పొయ్యిలోకి పుల్లలు ఏరుకునేవాడు, పట్టా కాగితం లేనివాడు ఏమయ్యాడు? కూలివాడయ్యాడు, లేదా మాంచెస్టర్ మిల్లుకి పోయాడు. ఆ చట్టాల కోసం గొలుసులు లాగినవాళ్ళు కూడా మావాళ్ళే, సర్వేయర్లే. ఆ పాపంలో మా వాటా మాకుంది.

లాక్స్‌టన్ ఎలా మిగిలింది? ఎవరో మహానుభావుడు వారసత్వం కాపాడాలని దీక్షబూనాడనుకుంటున్నారేమో. అదేం లేదు. అక్కడ పెద్ద భూస్వాములు ఇద్దరు, ఒక పక్క మాన్వర్స్ ప్రభువు, రెండో పక్క స్కార్‌బ్రో ప్రభువు. భూములు మార్చుకోవడంలో వాళ్ళిద్దరికీ కుదరలేదని చెబుతారు. ఇద్దరు పెద్దమనుషుల పేచీ వల్ల ఒక ఊరు మిగిలిపోయింది! మన దగ్గర కోర్టులో ఉన్న స్థలంలో చెట్లు ఏపుగా పెరిగినట్టు.

పూర్తిగా మిగల్లేదు, అదీ చెప్పాలి. పక్కల నుంచి కొంత కొంత కంచెల్లోకి పోయింది. నాలుగో క్షేత్రం పోయింది. ఇప్పుడు మిల్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్, వెస్ట్ ఫీల్డ్, మూడు కలిపి సుమారు 480 ఎకరాలు. ఒకప్పుడు రెండువేలకు పైగా ఉన్న పట్టీలని 20వ శతాబ్దం మొదట్లో కలిపి పెద్దవి చేశారు. ఇప్పుడు రెండువందల లోపే.

ఆ రెండువేల పట్టీలూ మనకెలా తెలుసు? ఇక్కడే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. 1635లో ఊరి యజమాని సర్ విలియం కోర్టెన్ అనే లండన్ వ్యాపారి, మార్క్ పియర్స్ అనే సర్వేయరుతో పటం గీయించాడు. తొమ్మిది తోలు కాగితాల మీద. ప్రతి పట్టీ, ప్రతి ఇల్లు, ప్రతి దారి. పక్కన రిజిస్టరు, ఏ పట్టీ ఎవరిది, విస్తీర్ణమెంత. మన అడంగలూ ఎఫ్.ఎం.బి.యూ కలిపితే ఎలా ఉంటుందో అలా. అసలు పటం ఆక్స్‌ఫర్డ్‌లో బోడ్లియన్ లైబ్రరీలో ఉంది, నేను చూసింది నకలు. పియర్స్ ఊరికే గీతలు గీసి వదల్లేదు. పొలంలో నాగలి దున్నేవాళ్ళని గీశాడు, కోత కోసేవాళ్ళని, వేటకెళ్ళేవాళ్ళని, చిట్టి చిట్టి బొమ్మలుగా. మేం అలా గీస్తే పై ఆఫీసరు మెమో ఇచ్చేవాడు.

ఊరి వీధి ఇప్పటికీ ఆ పటంలో ఉన్నట్టే ఉంది. కంచెలు పడ్డ ఊళ్ళలో రైతులు ఊరొదిలి ఎవరి పొలం మధ్యలో వాళ్ళు ఇల్లు కట్టుకున్నారు. ఇక్కడ పొలాలు చెదురుగా ఉన్నాయి కాబట్టి ఇళ్ళు వీధిలోనే ఉండిపోయాయి. ఒక్కో ఇంటి వెనక సన్నగా పొడుగ్గా దొడ్డి. పబ్బు దగ్గర చుట్టూ గోడ ఉన్న చిన్న జాగా ఒకటుంది, గేటుతో. "ఇదేంటి" అని అడిగితే మా అల్లుడు ఏదో ఇంగ్లీషు మాట చెప్పి వివరించబోయాడు. నేను చూడగానే అన్నాను, "ఇది బందెలదొడ్డిరా!" అని. పంటలో పడ్డ పశువుని తోలుకొచ్చి అందులో పెట్టడం, యజమాని జరిమానా కట్టి విడిపించుకోవడం. అదే పద్ధతి. దానికి ప్రత్యేకంగా ఒక మనిషి, పిండర్ అంటారు.

ఇక అసలు విషయానికి వస్తాను. పట్టీలు ఇంగ్లండులో ఇంకా కొన్నిచోట్ల మిగిలాయి. డెవన్‌లో బ్రాంటన్ దగ్గర ఉన్నాయి, ఆక్స్‌హోమ్ దీవిలో ఉన్నాయి. లాక్స్‌టన్‌లో వాటితోపాటు పొలాన్ని నడిపే పంచాయితీ కూడా మిగిలింది. కోర్ట్ లీట్ అంటారు. మధ్యయుగంలో చాలా దొర ఊళ్ళకి ఉండేది. 1977లో పార్లమెంటు ఇలాంటి పాత కోర్టులకి కేసులు విచారించే అధికారాన్ని ఒక్క చట్టంతో తీసేసింది. లాక్స్‌టన్‌ని వదిలిపెట్టింది, ఎందుకంటే దానికి నిజంగా పనుంది. గట్టు లేని పొలంలో పేచీలు తీర్చేదెవరు మరి?

నవంబరు చివర్లో ఒక గురువారం జ్యూరీ రోజు. నేను చూడాలనే ఆ రోజులకి టిక్కెట్టు తీసుకున్నాను. పన్నెండుమంది జ్యూరీ, అందరూ అక్కడి రైతులే. ట్రాక్టరు ట్రాలీ ఎక్కి, ఆ ఏడు గోధుమ విత్తిన క్షేత్రానికి వెళ్తారు. మేము వెనకాల దూరంగా నడిచాం. సన్నటి తుంపర. బంకమట్టి. నా బూట్లు ఒక్కోటి రెండు కిలోలయ్యాయి. గోధుమ మొలక అప్పుడే వేలెడు పైకొచ్చింది. ఒకడి పట్టీ ఎక్కడ ఆగి రెండోవాడిది ఎక్కడ మొదలైందో నాకు తెలియలేదు. వాళ్ళకి తెలుస్తోంది. ఇద్దరు ముగ్గురు ఒకచోట ఆగి, వంగి, చాళ్ళ వెంట అటు చివరిదాకా ఒక కన్ను మూసి చూశారు. ఏదో అనుకున్నారు. ఒకాయన కొత్త కర్ర గూటం తీసి, హద్దు ఉండాల్సిన చోట నిలబెట్టాడు, ఇంకొకాయన సుత్తితో నాలుగు దెబ్బలు. అంతే. ముందుకి కదిలారు.

ఏం చూశారంటే, పట్టీ చివర దారి ఉంటుంది, ఉమ్మడి దారి. ఎవరో దున్నుతూ దున్నుతూ ఒక చాలు దారిలోకి జరిగారు. ఒక్క చాలు. మన దగ్గర గట్టు చెక్కడం అంటామే, ఏడాదికి జానెడు చెక్కి పదేళ్ళలో రెండు బారలు మింగేయడం! ఆ విద్య నాకు కొత్త కాదు. ఎంతమంది గట్టు చెక్కినవాళ్ళు నా ముందు దేవుడి మీద ఒట్టేశారో లెక్కలేదు. ఇక్కడ ఆ విద్య ఏటా నవంబరులో బయటపడిపోతుంది. చూసేది పైనుంచొచ్చిన ఆఫీసరు కాదు, పక్క పట్టీవాడు. వచ్చే ఏడు వాడి పట్టీని నువ్వు చూస్తావు.

దారి మీదికి వచ్చినవాడి పేరు రాసుకుంటారు. జరిమానా. పెద్ద మొత్తమేం కాదు, మనం హోటల్లో టిప్పు ఇచ్చేంత. మధ్యాహ్నం పబ్బుకి వచ్చి అందరూ కలిసి భోజనం, జరిమానా పడ్డవాళ్ళతో సహా. తర్వాతి వారం అదే పబ్బులో కోర్టు కూర్చుంటుంది. స్టీవర్డ్, అంటే ఎస్టేటు తరఫు అధికారి, అధ్యక్షత. బెయిలిఫ్, మన అమీనులాంటివాడు, పేర్లు పిలుస్తాడు. జరిమానాలు ఖాయం చేస్తారు, వచ్చే ఏడుకి కొత్త జ్యూరీని వేస్తారు.

నాకు పట్టరాని కుతూహలమేసింది. నా సంచిలో టేపు ఉంది, అలవాటు. కొలిచి చూద్దామా ఎంత జరిగిందో అని చెయ్యి పెట్టాను కూడా. వాళ్ళ దగ్గర గొలుసు లేదు, టేపు లేదు, జి.పి.ఎస్. లేదు. నేను పని చేసినన్నాళ్ళూ, కొలత కచ్చితంగా ఉంటే తగాదా పోతుందని నమ్మాను. సెంటీమీటరు తేడా లేకుండా కొలిచి ఇచ్చిన పొలాల్లోనే తలలు పగిలాయి. అంతకుముందు అందరూ చూసి ఒప్పుకున్న హద్దు అయితే, అది అంగుళం అటూ ఇటూ ఉన్నా నిలబడుతుంది. టేపు బయటికి తీయలేదు.

ఇంకోటి. క్షేత్రాల మధ్య పల్లంలో, నాగలి దిగని తడి చోట్లు ఉన్నాయి. సైక్స్ అంటారు. వాటిని ఎవరూ దున్నకూడదు, అదీ జ్యూరీ చూస్తుంది. అక్కడి గడ్డిని ఏటా వేలం వేసి డబ్బు హక్కుదారులు పంచుకుంటారు. వందల ఏళ్ళుగా నాగలీ, ఎరువులూ తగలక అక్కడ అరుదైన పూల గడ్డి మిగిలింది. ఇప్పుడు ప్రభుత్వం వాటిని ప్రత్యేక రక్షణ కింద పెట్టింది. చూడండి, పూల కోసం ఎవరూ కాపాడలేదు. వేలం డబ్బుల కోసం కాపాడుకున్నారు.

ఊరి యాజమాన్యం త్వరగా చెప్పేస్తాను, టైమైపోతోంది. 1952లో మాన్వర్స్ ప్రభువు అమ్మేశాడు, ఈ పద్ధతి పోకూడదని వ్యవసాయ మంత్రిత్వశాఖ కొంది. 1981లో రాజ ఆస్తులు చూసే క్రౌన్ ఎస్టేట్‌కి వెళ్ళింది. వాళ్ళూ అమ్మకానికి పెట్టేసరికి ఊళ్ళో మళ్ళీ టెన్షన్, ఎవడొస్తాడో, కంచెలేస్తాడేమో అని. 2020లో తోర్స్‌బీ ఎస్టేట్ కొంది. తోర్స్‌బీ ఎవరనుకున్నారు? ఆ పాత మాన్వర్స్ కుటుంబపు ఎస్టేటే. డెబ్బై ఏళ్ళకి ఊరు పాత దొరల ఇంటికే తిరిగొచ్చింది. మంచిదో చెడ్డదో ఇప్పుడే చెప్పలేం. అక్కడి రైతులూ అదే మాట అన్నారు, వాతావరణం గురించి చెప్పినట్టు, మొహంలో ఏమీ కనిపించనీయకుండా. ఈ కాలంలో రెండొందల ఎకరాలున్నవాడే నష్టాల్లో ఉన్నాడు, చెదురు ముక్కలతో చిన్న రైతు ఎన్నాళ్ళు లాగుతాడన్నది వాళ్ళ దిగులు. దొర ఎవరన్నది తర్వాత. కొడుకు నాటింగ్‌హామ్‌లో ఉద్యోగంలో చేరితే జ్యూరీకి మనిషెక్కడ దొరుకుతాడు?

ఆ సాయంత్రం తిరిగి వచ్చేముందు ఒక్కణ్ణే మళ్ళీ చేలోకి వెళ్ళాను. కొత్తగా దిగ్గొట్టిన గూటం తెల్లగా, తడిగా, పక్కన సుత్తి దెబ్బకి చీలిన పేడు వేలాడుతోంది. వచ్చే ఏడు ఆ క్షేత్రం వసంతపు పంటకి, ఆపై ఏడు బీడుకి. మళ్ళీ అక్కడ గోధుమ మొలవాలంటే మూడేళ్ళు. అప్పటికి మా అమ్మాయి వాళ్ళు అక్కడే ఉంటే వెళ్ళి, ఆ గూటం ఉందో ఎవరైనా దున్నేశారో చూసొస్తాను. టేపు మాత్రం ఇంట్లో వదిలేసి వెళ్తాను.